ఐదు రోజుల చీటీ

నాలుగేళ్ల కిందట నా నడుము పట్టేసింది. కాగితాల డబ్బా ఎత్తి పక్కకు తిరిగాను, అంతే. వెన్నుకు ఎడమ పక్కన కండరం రాయిలా బిగుసుకుపోయింది. డబ్బా కింద పెట్టడానికి కూడా వీల్లేక, దాన్ని పట్టుకునే ఏడ్చాను.

మా షాపు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల మధ్య సందులో, ఒక మేడ మెట్ల కింద, సందులోంచి నాలుగు మెట్లు దిగితే ఉంది. జిరాక్స్, స్పైరల్ బైండింగ్, లామినేషన్. ఆ రోజు చేతిలోని డబ్బా దించి, నన్ను పంజాగుట్టలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది హనుమాండ్లు. మా షాపులో బైండింగ్ పని అతనిదే, ఇరవై రెండేళ్లుగా. ఆటో గుంతలో పడబోయిన ప్రతిసారీ నా నడుము వెనక తన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఫలితం చూసుకుని చీటీ రాశాడు. కండరాల బిగువు సడలించే మాత్ర, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. మగతగా ఉంటుంది, బండి నడపొద్దన్నాడు. మద్యం ముట్టొద్దన్నాడు. తగ్గకపోతే మళ్లీ రమ్మన్నాడు, సొంతంగా పొడిగించొద్దన్నాడు. మూడో రోజుకే కండరం మెత్తబడింది. వారానికి షాపులో కూర్చున్నాను.

నేను వ్యాపారిని. పనిచేసిన సరుకును వదిలిపెట్టను. ఆ చీటీని లామినేషన్ చేసేశాను. మా సందులో దేనికైనా లామినేషన్ చేస్తారు. మార్కుల మెమోకి, రేషన్ కార్డుకి, దేవుడి పటానికి. డాక్టరు చీటీకి ఎందుకు చెయ్యకూడదు అనుకున్నాను. మళ్లీ పట్టేస్తే డాక్టరు దగ్గరికి పోనక్కర్లేదు, గంటన్నర మిగులుతుంది.

నాకు మళ్లీ పట్టలేదు గానీ, పట్టినవాళ్లు రోజూ కనబడేవాళ్లు. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చునే విద్యార్థులు, బిల్లు పుస్తకాల కోసం సనత్‌నగర్ నుంచి వచ్చే వర్క్‌షాపు మనుషులు. నడుం పట్టుకుని మెట్లు దిగినవాడికల్లా ఆ చీటీ కాపీ తీసి ఊరికే ఇచ్చేవాణ్ణి. ఊరికే అంటే పూర్తిగా ఊరికే కాదు. వాడు మళ్లీ మా షాపుకే వస్తాడు.

చీటీ మీద నా పేరు, తేదీ ఉన్నాయి. పాత తేదీ కనబడితే మందుల షాపువాళ్లు ఇవ్వరేమోనని, పై వరస మీద తెల్ల కాగితం పట్టీ పరిచి కాపీ తీసేవాణ్ణి. పేరు, వయసు, తేదీ మాయమయ్యేవి. ఆ వరస చివర డాక్టరు చిన్నగా రాసిన ఒక అంకె కూడా ఉంది. అదేమిటో ఏనాడూ చూడలేదు. పట్టీ కింద అదీ పోయేది. అడుగున మాత్రం మా షాపు రబ్బరు స్టాంపు వేసేవాణ్ణి. ఊరికే ఇచ్చిన కాగితం కనీసం షాపు పేరైనా మొయ్యాలి. మా షాపులోంచి ఏ కాపీ బయటికి పోయినా దాని అడుగున ఆ స్టాంపు ఉంటుంది, అది నా చేతికి అలవాటు.

ఎన్ని ఇచ్చానో చెప్పలేను. డబ్బు తీసుకోని కాపీలు నేను లెక్కపెట్టను.

ఈ ఏడాది జూన్‌లో, కొత్త బ్యాచ్‌లు మొదలయ్యే వారం, హనుమాండ్లు పంచింగ్ మెషిన్ పిడి పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాడు.

“అన్న, నడుము పట్కున్నది. జర రెండు రోజులు ఇంటికాడ పండుకుంట.”

“ఇప్పుడా? మూడు ఇన్‌స్టిట్యూట్ల మెటీరియల్ ఉంది హనుమాండ్లూ. నాకూ పట్టింది కదా, నేను పడుకున్నానా?”

“వారం పండుకున్నవ్ అన్న. షాపు నేనే సూస్కున్న. మర్శినవా?”

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే లామినేషన్ చీటీ తీసి, పట్టీ పరిచి, కాపీ తీసి, స్టాంపు వేసి అతని చేతికిచ్చాను. హనుమాండ్లు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. అతనికి ఇంగ్లిష్ రాదు.

“నాకు సుగరున్నది గదన్న. మొన్న సర్కారు దవాఖానల కిడ్నీలు జర ఖరాబున్నయి, సూస్కో అన్నరు. గీ గోళీలు పడ్తయా?”

సెలవు కోసం వెతుక్కున్న సాకు అనుకున్నాను. “నడుము మాత్రకీ కిడ్నీకీ ఏం సంబంధమయ్యా? వేసుకో. నాదీ గ్యారంటీ.”

లామినేషన్‌లో గాలిబుడగలు వస్తే గ్యారంటీ లేదని గోడమీద బోర్డు పెట్టుకున్నవాణ్ణి. ఆ మాట అంత తేలిగ్గా నా నోటి నుంచి వచ్చింది.

మాత్రలు పనిచేశాయి. హనుమాండ్లు సెలవు పెట్టలేదు. ఐదు రోజులయ్యాక ఆపేస్తే మళ్లీ పట్టేసింది. ఇంకో పది తెచ్చుకోమన్నాను. మందుల షాపులో ఆ కాగితం ఎన్నిసార్లు చూపించినా ఇచ్చారు. రెండో వారంలో ఒకటి సరిపోవడం లేదన్నాడు. “రెండేసి వేసుకో. ఈ ఆర్డర్లు పోనీ, అప్పుడు పడుకుందువుగాని” అన్నాను.

ఆ తర్వాత పని చెడింది. ప్రోగ్రామింగ్ పుస్తకం మధ్యలో ఇంగ్లిష్ గ్రామర్ పేజీలు వచ్చాయి. ఒక కట్ట మొత్తం తలకిందులుగా కుట్టుకుపోయింది. మెషిన్ మీద చెయ్యి పెట్టి నిలబడే కునికేవాడు. గడప దాటబోయి తూలాడు. రెండు కట్టలు తిరిగొచ్చిన రోజు నాకు కోపం ఆగలేదు.

“ఏంటయ్యా, పొద్దున్నే కల్లు కాంపౌండ్ మీదుగా వస్తున్నావా?”

కౌంటర్ దగ్గరున్న విద్యార్థులు నవ్వారు. హనుమాండ్లు నా వైపు చూడటానికి కాస్త సమయం పట్టింది.

“పదకొండేండ్లాయె అన్న, ముట్టక. నీకెరికే గదా.”

మాట ముద్దముద్దగా వచ్చింది. నేను దాన్ని కూడా తాగినందుకు రుజువుగానే లెక్కేసుకున్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు అతని భార్య వజ్రమ్మ ఫోన్ చేసింది. “లేస్తలేడన్న. పిలిస్తే కండ్లు తెరుస్తుండు, మల్ల మూస్తుండు. రాత్రి సంది గిట్లనే ఉన్నడు.”

వాళ్లుండేది ఎర్రగడ్డ రైతు బజారు వెనక. నేను వెళ్లేసరికి వజ్రమ్మ అతనికి శుభ్రమైన చొక్కా తొడిగి, ఆటో పిలిపించి ఉంది. కూరకు పసుపు వేస్తూ లేచినట్టుంది, వేళ్లు పచ్చగా ఉన్నాయి. ఆటో ఎక్కించేముందు డాక్టరే అతనికి రాసిచ్చినంత నమ్మకంగా ఆ చీటీ కాపీని మడిచి, మాత్రలు అయిపోయిన ఖాళీ రేకు ముక్కను అందులో పెట్టి, అతని జేబులోకి తోసింది.

“డాక్టరుకు సూపియ్యాలె. మాటలు మనకు సమజ్ గావు, కాగితమైతే సమజైతది.”

పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. లోపలికి తీసుకునేసరికి తొమ్మిది నలభై. గోడమీద గడియారం చూశాను, అందుకే గుర్తుంది. వజ్రమ్మ ఆధార్ కార్డు పట్టుకుని కౌంటర్ దగ్గర వరసలో నిలబడింది. నర్సు అతని చొక్కా విప్పి, కవరులో వేసి నా చేతికిచ్చింది. రాగసుధ అనే డాక్టరమ్మ వచ్చింది. అతని కనురెప్పలు ఎత్తి లైటు వేసి చూస్తూనే నన్ను అడిగింది.

“ఏమేం మందులు వాడతారండీ?”

“షుగరుకి, బీపీకి.”

“ఇంకా? నొప్పికి, నిద్రకి? మెడికల్ షాపులో ఊరికే తెచ్చుకున్నవైనా సరే చెప్పండి.”

కవరు నా చేతిలోనే ఉంది. కాగితం అందులోనే ఉంది. కాగితం అడుగున నా షాపు పేరు, నా ఫోన్ నంబరు ఉన్నాయి. పక్క మంచం దగ్గర ఎవరో ఇంకెవరి గురించో పోలీసు కేసు అవుతుందని అంటున్నారు. నా బుర్ర ఎప్పుడూ చేసే పనే చేసింది, రెండు వైపులా తూకం వేసింది. ఎలాగూ పరీక్షలు చేస్తారు. వాళ్లే కనుక్కుంటారు. నేను చెప్పడం వల్ల కొత్తగా వచ్చేదేమీ లేదు, పోయేదే ఉంది.

“తెలీదండి” అన్నాను.

ఆమె వెళ్లాక వరండాలోకొచ్చి, కవరులో చెయ్యి పెట్టి, కాగితం తీసి నా ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. అర నిమిషం పట్టిందేమో.

వజ్రమ్మ కౌంటర్ నుంచి రాగానే డాక్టరమ్మ ఆమెనూ అడిగింది. “నడుముకు గోళీలు మింగుతుండు డాక్టరమ్మా. అంగీ జేబుల కాగితం పెట్టిన, సూడుండ్రి” అని నా చేతిలోని కవరు చూపించింది. కవరు తెరిచాను. చొక్కా తీసి దులిపాను. జేబు బయటికి లాగి చూపించాను.

“ఏం లేదు వజ్రమ్మా. ఆటోలో పడిపోయినట్టుంది.”

ఆమె బయటికి పరిగెత్తింది. అద్దాల తలుపులోంచి చూస్తున్నాను. మెట్రో స్తంభాల కింద, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి ఆటోలోకీ వంగి చూస్తోంది. ఒకడు కసిరాడు. ఇంకొకడు దిగి సీటు ఎత్తి చూపించాడు. పంజాగుట్టలో పొద్దున పదింటికి ఎన్ని ఆటోలు ఉంటాయో ఎవరు చెప్పగలరు? ఆమె అరగంట పైన వెతికింది. నేను లోపల కూర్చుని ఉన్నాను. కాగితం తొడకు గుచ్చుకుంటోంది, లోపలి రేకు ముక్క వల్ల.

తల స్కాన్ తీశారు. రక్త పరీక్షలు చేశారు. పన్నెండున్నరకు డాక్టరమ్మ మళ్లీ వచ్చింది.

“తలలో ఏమీ లేదు. కిడ్నీలు బాగా దెబ్బతిని ఉన్నాయి. కానీ ఇంత మగతకి అదొక్కటే కారణమని నాకు అనిపించడం లేదు. ఏదో మందు ఒంట్లో పేరుకుపోయింది. నడుముకు వాడేవి రకరకాలు ఉంటాయి. పేరు తెలిస్తే చేసేది వేరే ఉంటుంది.”

వజ్రమ్మ నా వైపు తిరిగింది. “ఇంట్ల ఇంకో రేకు లేదు. అన్న, ప్లాస్టిక్ ఏసిన అసలుది నీ కాడుంటది గదా! జర ఉరికి తెస్తవా?”

“ఎవరినైనా ఫొటో తీసి పంపమనండి” అంది డాక్టరమ్మ.

“షాపు మూసి ఉందండి. తాళాలు నా దగ్గరే ఉన్నాయి.”

అది నిజమే. పొద్దుటి నుంచి ఆ కాగితం గురించి నేను చెప్పిన ఒక్క నిజం.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట మెట్రోలో ఒక్క స్టేషన్. స్టేషన్ మెట్ల దగ్గర ఆగాను. జేబులోది తీసి, వెనక్కి వెళ్లి, చొక్కా మడతల్లో దొరికిందని చెప్పొచ్చు. కానీ జేబు బయటికి లాగి అందరికీ చూపించానే. చెప్పిన అబద్ధం నిలబడాలంటే పోయి రావలసిందే అనిపించింది. పోయాను. షట్టర్ ఎత్తాను. సొరుగులోంచి లామినేషన్ చీటీ తీశాను. తిరుగు రైలులో నిలబడి, నాలుగేళ్లలో మొదటిసారి దాని పై వరస చదివాను. నా పేరు, వయసు యాభై ఒకటి, తేదీ, చివర చిన్న అక్షరాల్లో, క్రియాటినిన్ 0.9.

మళ్లీ ఆసుపత్రిలో అడుగుపెట్టేసరికి ఒకటీ ఇరవై అయిదు.

డాక్టరమ్మ చీటీని వెలుతురుకు పట్టి చూసింది. “ఇది మీదా?”

“అవునండి.”

“ఈ మందు బయటికి పోవాల్సింది కిడ్నీల్లోంచే. మీ కిడ్నీలు బాగున్నాయని పరీక్ష చూసుకుని మీకు రాశారు. ఇదిగో, ఆ ఫలితమే పక్కన రాసుకున్నారు. ఈయనకి మొదటి రోజు నుంచీ పోకుండా లోపలే నిలిచింది. ఎన్ని రోజులు వాడారు?”

“పంతొమ్మిది.”

“ఎన్నేసి?”

“చివర్లో రెండేసి. పొద్దున, రాత్రి.”

ఆమె చీటీ నా చేతిలో పెట్టింది. “ఐదు రోజులని ఇంత పెద్దగా రాసి ఉంది కదండీ” అని, నర్సుతో డయాలసిస్‌కు సిద్ధం చెయ్యమంది. వెళ్లబోతూ ఆగింది. “ఇరవై నిమిషాల కిందట వాంతి చేసుకున్నారు. స్పృహ లేదు కాబట్టి అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. గొట్టం వేశాం. మందు డయాలసిస్‌తో దిగుతుంది. ఇప్పుడు నా భయం ఊపిరితిత్తుల గురించి. పొద్దున్నే పేరు తెలిసుంటే ఈపాటికి కళ్లు తెరిచేవారు.”

వజ్రమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. “నువ్వు ఉరికి తెచ్చినవ్ అన్న. నీ రుణం ఉంచుకోను.”

తొమ్మిది నలభై నుంచి ఒకటీ ఇరవై అయిదు. మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. బాగున్న రోజుల్లో అంతసేపట్లో హనుమాండ్లు అరవై పుస్తకాలు కట్టేవాడు.

రెండుసార్లు డయాలసిస్ చేశాక మూడో రోజు అతను కళ్లు తెరిచాడు. గొట్టం వల్ల మాట లేదు. అద్దం అవతల నన్ను చూసి, కుడి చెయ్యి కొంచెం ఎత్తి, పిడి లాగినట్టు కిందికి దించాడు. ఆర్డర్లు పోయాయా అని అడుగుతున్నాడు. పోయాయని తల ఊపాను. ఆ మర్నాటి నుంచి జ్వరం మొదలైంది. ఊపిరితిత్తులకు చీము పట్టిందన్నారు. తొమ్మిదో రోజు పొద్దున పదకొండింటికి పోయాడు.

ఇంటికొచ్చి లామినేషన్ చీటీని చింపబోయాను. అది చినగదు. చినగకుండా ఉండాలనే కదా చేసింది. కత్తెరతో సన్నటి ముక్కలు చేశాను. మా ఆవిడ వరలక్ష్మి చూసి, “అదేంటండీ, పనికొచ్చేదన్నారు కదా” అంది. ముక్కలు పోగేసి చెత్తబుట్టలో వేశాను.

తర్వాత కాపీల కోసం తిరిగాను. సనత్‌నగర్ వెళ్లి వర్క్‌షాపుల్లో అడిగాను. హాస్టళ్లలో అడిగాను. పద్నాలుగు దొరికాయి. మూడేళ్ల కిందటి బ్యాచ్‌లు ఏ ఊళ్లకు పోయాయో ఎవరికి తెలుసు? అనుదీప్ అనే విద్యార్థి మాత్రం సంతోషంగా చెప్పాడు. “కాగితం పోయింది అంకుల్, కానీ ఫొటో ఉంది. మా హాస్టల్ గ్రూపులో కూడా పెట్టా. మస్తు పనిచేసింది.” తీసెయ్యమన్నాను. తీసేశాడు. అప్పటికే దాచుకున్నవాళ్ల సంగతి అడిగితే భుజాలు ఎగరేశాడు. షాపు గోడమీద గ్యారంటీ బోర్డు తీసేసి, ఆ స్థానంలో కొత్త కాగితం అంటించాను: ఒకరికి రాసిన కండరాల మాత్ర ఇంకొకరు వేసుకోవద్దు, కిడ్నీ జబ్బున్నా వేరే మందులు వాడుతున్నా ముందు డాక్టరుకు చెప్పండి, రాసిన రోజులు దాటి వాడొద్దు, చాలా రోజులుగా వాడుతుంటే డాక్టరును అడక్కుండా ఒక్కసారిగా ఆపొద్దు. రోజులు దాటొద్దన్నది నాలుగేళ్ల కిందటే డాక్టరు నాకు చెప్పిన మాట. ఎవరూ చదవడం లేదు. దాని పక్కనే నిలబడి ధరలు అడుగుతున్నారు.

మొన్న పొద్దున వజ్రమ్మ షాపుకొచ్చింది. దినాలయ్యాక ఇదే మొదటిసారి రావడం. మనిషి సగమైంది. చేతి సంచిలోంచి మరణ ధ్రువీకరణ పత్రం తీసి కౌంటర్ మీద పెట్టింది.

“ఐదు కాపీలు తియ్యన్న. అసలుదానికి ప్లాస్టిక్ ఏస్తవా, నలుగకుండ?”

“వద్దమ్మా. దీన్ని అలాగే ఉంచుకోవాలి.”

కాపీలు తీస్తున్నాను. ఆమె హనుమాండ్లు మెషిన్ వైపు చూస్తోంది. దాని మీద గుడ్డ కప్పి ఉంది.

“నిద్ర పడ్తలేదన్న. గా కాగితమే కండ్లల్ల మెదులుతున్నది. పిన్నీసు పెడ్దామనుకున్న. సేతిలనే ఉండె పిన్నీసు. తొందరల పెట్టకపోతిని. పెడితే పడిపోకపోవు గదా.”

“అలా అనుకోకమ్మా.”

“నేననుకునుడేంది, అందరు గదే అంటున్నరు. మా ఆడిబిడ్డ పదిమందిల అన్నది, ఒక్క కాగితం సంభాళించరాదానె నీకు, మా తమ్ముణ్ణి సంపుకున్నవ్ అని. నిజమే గదన్న. నేను జర జాగర్తగుంటే గాయిన బతుకుతుండె.”

ఆమె ఏడవలేదు. లెక్క తేలిపోయినట్టు, ఇక దాని మీద మాట్లాడేదేమీ లేనట్టు చెప్పింది. ఎవరి ఖాతాలో పడాల్సింది ఎవరి ఖాతాలో పడిందో నా ఒక్కడికే తెలుసు. ఊరుకుంటే ఊరుకున్నట్టే ఉండిపోతుంది. ఆమె చచ్చేదాకా మోస్తుంది. నన్ను అన్నా అనే పిలుస్తుంది.

సొరుగు తెరిచాను. రబ్బరు స్టాంపు కింద ఉన్న మడత కాగితం తీసి ఆమె ముందు పెట్టాను.

ఆమెకు చదవడం రాదు. కానీ మడత ఆమెది. మడత మీద పసుపు వేలిముద్ర ఆమెది. విప్పింది. ఖాళీ రేకు ముక్క కౌంటర్ మీద పడింది.

“ఎప్పటి సంది ఉన్నది నీ కాడ?”

“ఆ రోజు తొమ్మిది నలభై నుంచి.”

“నేను ఆటోలెంబడి ఉరికినప్పుడు?”

“నా జేబులోనే ఉంది.”

“నువ్వు అమీర్‌పేట పోయొచ్చినప్పుడు?”

“అప్పుడూ.”

ఒకమ్మాయి వచ్చి “అంకుల్, రెండు కాపీలు” అంటూ చెయ్యి చాపింది. వజ్రమ్మ ఆమెకు దారిచ్చి పక్కకు జరిగింది. కాగితాన్ని మళ్లీ అదే మడతలో మడిచి, రేకు ముక్క లోపల పెట్టి, కొంగు నుంచి పిన్నీసు తీసి రెండింటినీ కలిపి గుచ్చింది. పిన్నీసు రెండుసార్లు తప్పింది. దాన్ని, మరణ పత్రాన్ని సంచిలో పెట్టుకుంది.

“కాపీలు వజ్రమ్మా” అన్నాను.

“వేరే కాడ తీపిచ్చుకుంట.”

అన్న అనలేదు. మెట్లెక్కి సందులోకి వెళ్లిపోయింది.

ఐదు కాపీలు కౌంటర్ మీదే ఉండిపోయాయి. ఐదింటి అడుగునా మా షాపు స్టాంపు ఉంది. ఎప్పుడు వేశానో నాకే తెలియదు.